రెండుసార్లు కప్పిన శాలువా

ఆ రోజుల్లో నేను ఒక్క చోట కుదురుగా నిలబడ్డ సందర్భం ఏదైనా ఉందా అని ఇప్పుడు ఎంత ఆలోచించినా, బడిలో పొద్దుటి ప్రార్థన తప్ప ఇంకేదీ గుర్తుకు రావడం లేదు. (అదీ సగం అయ్యేసరికి కాలి వేళ్లు చెప్పుల్లోనే పరుగు మొదలుపెట్టేవి.) అన్నం తింటూ తిరిగేదాన్ని, చదువుకుంటూ తిరిగేదాన్ని, పళ్లు తోముకుంటూ మా సందు చివరిదాకా పోయి ఏ ఇంట్లో ఏం కూరో కనుక్కుని వచ్చేదాన్ని. "కూసున్న కాడ ముండ్లు మొలుస్తున్నయా ఏందే నీకు? జర సేపు కూసోరాదూ!" అని మా అమ్మ మొత్తుకునేది. కాలేజీలో మేడమ్, పెళ్లిళ్లలో మేనత్తలు, దవాఖానలో నర్సు, అందరిదీ ఒకటే పాట, కూసో, కూసో. సూర్యాపేట మొత్తంలో నన్ను కూర్చోమనని చోటు ఒక్కటే ఉండేది, అది హాకీ గ్రౌండు. అందుకే ఆ జట్టంటే నాకు ప్రాణం. ఆట బాగా వచ్చని కాదు. (రాదు. ఆ సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు.) అక్కడ పరుగెత్తితే తిట్టరు, పైగా ఇంకా ఉరుకుమంటారు. నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి?

మాది ఊళ్లోని డిగ్రీ పిల్లల జట్టు. మాకు ఆట నేర్పింది ఈల సారు. ఒక సర్కారు బళ్లో వ్యాయామం పంతులు, పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఈల తియ్యని మనిషి. మాట్లాడాల్సివస్తే ఈలను ఒక దవడకు నెట్టి మాట్లాడేవాడు, కాబట్టి ఆయన ప్రతి మాట వెనకా సన్నగా గాలి వచ్చేది. గ్రౌండులో పులి. కానీ ఎవరికైనా ఒక చేదు మాట చెప్పాల్సివస్తే మాత్రం ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడేది. మా నాయకురాలిది త్రిపురారం. మేమంతా ఆమెను కెప్టెనక్క అనేవాళ్లం, నవ్వడం అనేది ఆమెకు పండగ పూట పని. గోలు దగ్గర నిలబడే పిల్లది కోదాడ, సూర్యాపేట హాస్టల్లో ఉండి చదువుకునేది. నాకు ప్రాణ స్నేహితురాలు, నన్ను నా ఎదురుగానే తిట్టే హక్కున్న ఏకైక మనిషి. ఇక నేను. నా పేరేదైనా, గ్రౌండులో నన్ను పిలిచేది మాత్రం బొంగరం అని.

నన్ను పెట్టింది గోలు ముందు కుడివైపు కాపలాకి. కాపలా అంటే ఉన్నచోట ఉండాలి, శత్రువు అటుగా వస్తే అడ్డుకోవాలి. ఇందులో 'అటుగా వస్తే' అనేది నాకు నచ్చేది కాదు. రాకపోతే ఏం చెయ్యాలి? ఊరికే నిలబడాలా? బంతి ఎక్కడుంటే అక్కడికి నేనే వెళ్లేదాన్ని. ఎడమవైపు, మధ్యలోకి, ఒకసారి గీత అవతల మంచినీళ్లు తాగుతున్న అంపైరు దగ్గరికి కూడా. నేనెటు పోతే అటు వెనక ఒక ఖాళీ ఏర్పడేది, ఆ ఖాళీలోంచి ఎదుటి జట్టు ఇంటికి చుట్టాలొచ్చినట్టు తీరిగ్గా వచ్చి గోలు కొట్టి పోయేది. "ఏంటే బాబూ, నువ్వు అటు పోతే ఇక్కడ నేనొక్కదాన్నే ఎంతమందిని ఆపను?" అని కోదాడ పిల్ల ప్రతి ఆట తర్వాతా నెత్తి కొట్టుకునేది. నేను నవ్వేసేదాన్ని.

కోదాడలో జరిగిన ఆటతో కథ ముదిరింది. చిలుకూరు దాకా ఉన్న కోదాడ పిల్ల చుట్టాలంతా చూడ్డానికి వచ్చారు. ఆఖరి నిమిషాల్లో కెప్టెనక్క బంతిని ఒడుపుగా నడిపించుకుంటూ ఎదుటివాళ్ల గోలు ముందుకు చేరింది. ఎదురుగా ఎవరూ లేరు, కర్ర ఎత్తింది. అంతలో ఆమె కర్ర కింద బంతి మాయమైంది. తీసుకున్నది ఎవరనుకున్నారు? నేనే. గ్రౌండు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపున ఉరికి, మా కెప్టెన్ దగ్గరే బంతి లాక్కున్నాను. ఎంత అద్భుతంగా లాక్కున్నానంటే, చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ బంతిని ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే ఎదుటి జట్టు పిల్ల తీసుకుని, నేను ఖాళీ చేసిన దారిలోంచి వెళ్లి గోలు కొట్టింది. తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. పాపం అలసిపోయారు అనుకున్నాను.

నన్ను జట్టులోంచి పంపించెయ్యాలని ఆ రాత్రే నిర్ణయించారట. సరే, పంపించడం ఎలా? ఇక్కడే మా ప్రాంతపు మర్యాద అడ్డొచ్చింది. మా దగ్గర మనిషిని పిలవాలన్నా శాలువానే, సాగనంపాలన్నా శాలువానే. బదిలీ అయితే శాలువా, రిటైరైతే శాలువా, కొత్త ఎస్సై వస్తే శాలువా, పాత ఎస్సై పోతే శాలువా. కప్పుకున్నవాడికి తను వస్తున్నాడో పోతున్నాడో ముందే తెలుసుండాలి, శాలువాను చూసి తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. ఈల సారుకు 'ఇగ నువ్వు రావొద్దు' అనే మాట నోరు దాటదు కాబట్టి, "పిల్లకు మంచిగ సన్మానం జేసి పంపిద్దాం, దానికే సమజ్ అయితది" అన్నాడట. కెప్టెనక్క వద్దనే అందట. "సార్, అది బొంగరం. దానికి మొకం మీద చెప్పినా సమజ్ కాదు." సారు వినలేదు.

సన్మానం మా గ్రౌండులోనే. నాకు ప్లాస్టిక్ కుర్చీ, మెడలో బంతిపూల దండ. శాలువా కప్పడానికి పెద్ద చెయ్యి ఉండాలని మా వార్డు పెద్దాయనను పిలిచారు గానీ, అది సాగనంపే శాలువా అని ఆయనకు చెప్పడం మరిచిపోయారు. ఆయన మైకు పట్టుకుని, "జట్టుకు ఇసొంటి పిల్ల ఒక్కతి ఉంటే సాలు! మన బిడ్డ దేశానికి ఆడాలె!" అని గర్జించాడు. కోదాడ పిల్లకు పొలమారింది. తర్వాత సారు లేచి, ఈలను దవడకు నెట్టి, "మా బిడ్డ శానా కష్టపడ్డది... ఇగ జర విశ్రాంతి తీసుకోవాలె... సదువు మీద మనసు పెట్టాలె... ఏడున్నా మా బిడ్డనే" అని కళ్లు తుడుచుకున్నాడు. నా గుండె ఉప్పొంగిపోయింది. నా ఆరోగ్యం గురించి ఇంత బెంగ పెట్టుకున్న మనిషికి ధైర్యం చెప్పాలి కదా! మైకు లాక్కున్నాను. (లాక్కోవడం నాకు బాగా వచ్చు.) "సారు నన్ను విశ్రాంతి తీసుకొమ్మంటున్నరు. ఆయన మనసు అసొంటిది. కానీ నేను తీసుకోను! ఇయ్యాల్టి సంది ఇంకా ఎక్కువ ఉరుకుత! మిర్యాలగూడ పోటీలల్ల గెలిచేదాక ఈ జట్టును ఇడిచిపెట్టే ముచ్చటే లేదు!" అన్నాను. వార్డు పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సారు నోట్లోంచి ఈల జారి ఒళ్లో పడింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు గ్రౌండులో ఉన్నాను. ఆ తర్వాతి రోజులు ఎందుకో ఒంటికి పట్టలేదు. బంతి నా వైపు ఎవరూ కొట్టరు. నేను వెళ్తే మాటలు ఆగిపోతాయి. ఫోనులో మా జట్టు గ్రూపుంది కదా, అందులో నేను పొద్దున శుభోదయం పెడితే ఎవరూ పలకరు, మధ్యాహ్నం 'రేపు ఎన్నింటికి' అంటే పలకరు, ఒక్క సారు మాత్రం సాయంత్రానికి ఒక నమస్కారం బొమ్మ పెట్టేవాడు. అందరూ పరీక్షలకు చదువుతున్నారు కాబోలు అనుకున్నాను. అయినా లోపల ఏదో తొలిచేది. అమ్మ వడ్డించిన కంచం పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, "ఏమైందే? శాలువా కప్పిన కాంచి ఇంక పరేషాన్ గున్నవ్" అంది. ఏమో, నాకూ తెలియదు. జట్టులో ఉన్నానా లేనా అని నన్ను నేనే అడగడానికి భయపడి, ఇంకో రెండు సందులు తిరిగొచ్చాను.

మిర్యాలగూడ పోటీలకు పొద్దుటి బస్సుకే వెళ్తున్నారని కెప్టెనక్క ఎవరితోనో అంటుంటే విన్నాను. సూర్యాపేట బస్టాండుకి చీకటితోనే పోయి, సంచిలో కర్రతో పాటు శాలువా కూడా మడిచి పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను. (శాలువా ఎందుకంటే, మిర్యాలగూడవాళ్లకు చూపించాలి కదా.) నన్ను చూడగానే మా వాళ్ల ముఖాలు చూడాలి! సారు ఏదో అనబోయి, ఆగి, "వొచ్చినవా తల్లీ... మంచిగైంది... బస్సెక్కు" అన్నాడు. బస్సు కదిలాక వింత మొదలైంది. సారు నా పక్కన వచ్చి కూర్చుని, కిటికీలోంచి పొలాలు చూసి, "ఈపారి నాట్లు మంచిగ పడ్డయి" అని లేచి వెళ్లిపోయాడు. తర్వాత కెప్టెనక్క వచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుంది. నా ముఖంలోకి చూసింది. "ఏమన్న తిన్నవా?" అంది. "తిన్న అక్కా." "మంచిది" అని ఆమె కూడా లేచిపోయింది. జన్మలో నన్ను తిన్నావా అని అడగని మనిషి! వీళ్లందరికీ నా మీద ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చిందో నాకు అంతుపట్టలేదు.

మిర్యాలగూడ గ్రౌండు రైసు మిల్లుల పక్కనే. గాలి వీస్తే ఊక ఎగిరి కళ్లల్లో పడుతుంది. సారు జెర్సీలు పంచుతుంటే చెయ్యి చాపాను. నా చెయ్యి దాటి నా జెర్సీ ఒక కొత్త పిల్ల ఒంటి మీదకు పోయింది. "సార్, అది నాది" అన్నాను. సారు మిల్లు పొగగొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు. కెప్టెనక్క బూటు తాడు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. చివరికి కోదాడ పిల్ల నన్ను రెక్క పట్టుకుని పక్కకు లాక్కుపోయింది. "నీకు నిజంగానే అర్థం కాలేదా ఏంటే? ఆ శాలువా నిన్ను పొమ్మని కప్పారే! అందరం వేరే గ్రూపు పెట్టుకున్నాం. ఇన్నాళ్ల నుంచి ఆ పాత గ్రూపులో నువ్వూ సారూ తప్ప ఎవరూ లేరు. నేను చెప్తానంటే సారు ఒట్టేయించుకున్నాడు, పిల్ల మనసు కష్టపడుద్దని." అలా చెప్పేసి, అదే ఏడవడం మొదలుపెట్టింది.

నాకు ఏడుపు వెంటనే రాలేదు. కాళ్లు మాత్రం కదిలాయి. గ్రౌండు చుట్టూ నడిచాను, మళ్లీ నడిచాను. సూర్యాపేటకు నడిచే పోదామా అనిపించింది. లోకమంతా కూసో అంటే భరించాను, వీళ్లు కూడా అన్నారు. అదీ నా మెడలో పూలదండ వేసి! అప్పుడొచ్చింది ఏడుపు. ఊక పడిందని కళ్లు నలుపుకున్నాను. లోపల ఆట మొదలైంది. గోలు పడకుండా ఆపితే చాలు, సమంగా ముగిసినా మా జట్టు పై ఆటకు వెళ్తుంది. మొదటి సగం ముగిసే ముందు, నా జెర్సీ వేసుకున్న కొత్త పిల్ల చీలమండకు బంతి తగిలి కూలబడింది. ఇంకో మనిషి లేదు. కెప్టెనక్క సారు వైపు చూసింది, సారు దేవుడి వైపు చూశాడు, తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

విరామంలో సారు నన్ను నా చోటికి తీసుకెళ్లి, బూటు మడమతో నేల మీద నా చుట్టూ గుండ్రంగా ఒక గీత గీశాడు. "తల్లీ, నీ కాళ్లు మొక్కుత. ఏమన్న గానీ, ఆకాశం ఇరిగి మీద పడనీ, ఈ గీత మాత్రం దాటకు." అంపైరు వచ్చి ఇదేంటని అడిగితే, "గుర్తు కోసం సార్, పిల్ల జర మరుస్తది" అన్నాడు. అప్పుడు నాకు పంతం పట్టుకుంది. కదలదనే కదా నన్ను పొమ్మన్నది... కాదు, కదులుతుందని కదా! చూపిస్తాను, ఎట్లా నిలబడాలో ఈ మిర్యాలగూడకు చూపిస్తాను. ఇవాళ కదలకపోతే ఆ శాలువాను వెనక్కి తీసుకుంటారు, నా జట్టు నాకు ఉంటుంది.

నిలబడ్డాను. ఆ బాధ ఎవరికని చెప్పను? పిక్కలు లాగేస్తున్నాయి. ఒక చీమ నా మేజోడు ఎక్కి తీరిగ్గా మోకాలి దాకా వెళ్లింది, దాన్ని కూడా దులుపుకోలేదు. బంతి ఎడమవైపు పోయింది, పోనీ. మధ్యలో కొట్లాట జరుగుతోంది, జరగనీ. నేను పాతిన గుంజలా ఉన్నాను. మొదట నా ధాటికి ఎదుటివాళ్లు కూడా తికమకపడ్డారు, ఇదేదో పెద్ద వ్యూహమనుకుని కాసేపు మా కుడివైపుకే రాలేదు. సారు గ్రౌండు బయట నుంచి చెయ్యెత్తి శభాష్ అన్నాడు. చివరి నిమిషాలొచ్చేశాయి. అప్పుడు వాళ్ల పొడుగు పిల్ల ఒకతి బంతి తీసుకుని నేరుగా నా వైపు బయలుదేరింది. కాస్త పక్కగా, నా గీతకు ఒక్క అడుగు అవతలగా. ఒక్క అడుగు వేసి కర్ర చాపితే బంతి నాదే. "కదులే! కదలవే తల్లీ!" అని వెనక కోదాడ పిల్ల అరుస్తోంది. "బొంగరం, పట్టు!" అని కెప్టెనక్క. సారు నోట్లో ఈల ఉన్న సంగతే మరిచిపోయి అరుస్తుంటే, అదంతా కీచుమని వస్తోంది. వీళ్లంతా నన్ను పరీక్షిస్తున్నారు అనుకున్నాను. పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, గీతలో నిలబడ్డాను. ఆ పిల్ల నన్ను దాటుకుంటూ వెళ్లి గోలు కొట్టింది. ఆట ముగిసింది.

నేను మాత్రం ఎగురుకుంటూ సారు దగ్గరికి పరుగెత్తాను. "సార్, కదల్లే! సూసిన్రా? గీత దాటలే!" సారు నా తల మీద చెయ్యి పెట్టి, "సూసిన తల్లీ" అన్నాడు. ఇక ఉండబట్టలేక, "గా ఒక్కపారి కదిలితే ఏమైతుండె బిడ్డా?" అన్నాడు. కెప్టెనక్క తిట్టలేదు. కోదాడ పిల్ల నెత్తి కొట్టుకోలేదు. పాపం అందరూ నాకు నీళ్లిచ్చారు, కూర్చోమని చోటిచ్చారు. అప్పుడు నిజంగా తెలిసింది. తిట్టినన్ని రోజులూ నేను వాళ్లదాన్ని, ఇప్పుడు చుట్టాన్ని అయిపోయాను.

నా సంచి దగ్గరికి వెళ్లి శాలువా తీశాను. మడత విప్పి సారు చేతిలో పెట్టాను. "సార్, ఇది మళ్ల ఒకపారి కప్పుండ్రి. గప్పుడు నాకు సమజ్ కాలె. ఇప్పుడైంది." అని ఆయన ముందు తల వంచాను. సారు కప్పాడు. ఆపుకుందామనుకున్నాడు, ఆపుకోలేకపోయాడు. వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ నోట్లో ఈల ఉంది కదా! ప్రతి వెక్కుకీ అది గట్టిగా మోగింది. గ్రౌండులో అప్పుడే మొదలైన తర్వాతి ఆట ఠక్కున ఆగిపోయింది. ఆడేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి, ఎవరిది తప్పు అని ఒకరినొకరు చూసుకున్నారు. అంపైరు పరుగెత్తుకొచ్చి, "ఎవలయ్యా ఊదింది?" అన్నాడు. సారు మళ్లీ వెక్కాడు, మళ్లీ మోగింది. ముందు కెప్టెనక్క నవ్వింది (పండగ కాకపోయినా), తర్వాత నేను, తర్వాత అందరం. నవ్వుతూ ఏడుస్తూ ఉంటే కోదాడ పిల్ల బంతి తగలకుండా కాళ్లకు కట్టుకున్న దిండ్లతోనే వచ్చి నా మీద పడింది. తిరుగు బస్సులో సూర్యాపేట దాకా నేను నిలబడే వచ్చాను. "సీటున్నది గదమ్మా, కూసో" అంది కండక్టరమ్మ. అంటూనే తను ఆ చివరి నుంచి ఈ చివరికి నడుచుకుంటూ పోయింది. ఆమె కాళ్ల వంకే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు నేను కోదాడ, మిర్యాలగూడ బస్సుల్లో కండక్టర్‌ని. రోజంతా బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాను, దానికి జీతం కూడా ఇస్తారు. మొన్న ఈల సారు బడి నుంచి రిటైరయ్యాడు. సన్మానానికి నేనూ వెళ్లాను, ఆయన ముఖం కూడా కనపడనన్ని శాలువాలు కప్పారు. జట్టును ఆ సన్మానంలోనే కెప్టెనక్కకు అప్పజెప్పారు. అయితే ఆ మర్నాడే ఆమె నుంచి నాకు ఫోను. "బొంగరం, సారు పొద్దుగాల్నే ఈలేసుకోని గ్రౌండుకు వొచ్చిండు. రేపటి ఆట గురించి పిల్లలకు చెప్తుండు. మేమెవ్వరం చెప్పలేకపోతున్నం. నువ్వైతే... నీకు ఎరుకే గద ఆ సంగతి. జర నువ్వొచ్చి చెప్పు." సెలవు పెట్టుకుని ఆట వేళకు వెళ్లాను. సారు గ్రౌండు అంచున నిలబడి ఉన్నాడు, భుజం మీద కొత్త శాలువా. దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చానా, పక్కకు వెళ్లి నిలబడగానే గొంతులో ఆ వెలక్కాయ నాకే అడ్డం పడింది. "టిఫిన్ తిన్నరా సార్?" అన్నాను. "తిన్న తల్లీ" అన్నాడు. తనే బూటు మడమతో నేల మీద గుండ్రంగా గీసుకుని అందులో నిలబడ్డాడు. "నాకెరుకే బిడ్డా. నేను లోపటికి పోను. ఈడనే, ఈ గీతల నిలబడి సూస్త. కదల." ఆట మొదలైంది. బంతి అటువైపు పోయింది. సారు బూట్ల ముందు కొసలు గీత మీదికి జరిగాయి, తర్వాత మడమలు లేచాయి. ఈల మోగింది, శాలువా ఎగిరింది, ఆయన అప్పటికే గ్రౌండు మధ్యలో ఉన్నాడు. కెప్టెనక్క దూరం నుంచి నన్ను చూసి నెత్తి కొట్టుకుంది. నేను నవ్వుకుంటూ చూస్తే, ఆయన వదిలేసి పోయిన గీతలోకి నా కాళ్లు ఎప్పుడు వచ్చి నిలబడ్డాయో నాకే తెలియదు. ఆట అయిపోయేదాకా అందులోనే ఉన్నాను.